తెల్లకర్ర: బరువా, ఇంద్రియమా?

చూపు లేనివారు నడకకు వాడే తెల్లకర్రను గురించిన చర్చ సాధారణంగా ఏది తేలిక, ఏది మన్నిక, ఏది చవక అన్న ప్రశ్నలతో మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ ప్రశ్నల అడుగున దర్శనశాస్త్రాలూ ధర్మశాస్త్రాలూ చాలాకాలంగా తర్కించిన మూలప్రశ్న ఒకటి ఉంది: మనిషి చేతిలోని సాధనం అతనికి బయటి వస్తువా, లేక అతని ఇంద్రియంలో భాగమా? బయటి వస్తువే అయితే దాన్ని ఎవరైనా ఎంచి ఇవ్వవచ్చు, అవసరమనుకుంటే గుమ్మం దగ్గర వదిలి రమ్మనవచ్చు. ఇంద్రియంలో భాగమైతే దాని పొడవెంత ఉండాలి, ఎప్పుడు విప్పాలి, ఎప్పుడు మడవాలి అన్న నిర్ణయాలు పూర్తిగా ఆ మనిషికే చెందుతాయి. మడతకర్ర ఈ ప్రశ్నను మరింత పదునెక్కిస్తుంది. సంచిలో ఉన్నంతసేపు అది అన్ని వస్తువుల్లాంటి వస్తువే, విప్పి నేలకు ఆనించిన మరుక్షణం నుంచి అది తెలుసుకునే శక్తి.

ముందుగా ఈ కర్ర స్వరూపం తెలియాలి. వృద్ధులు శరీరభారం మోపి నడిచే ఊతకర్రకూ తెల్లకర్రకూ పోలిక ఆకారంలోనే తప్ప పనిలో లేదు. ఊతకర్ర శరీరాన్ని నిలబెడుతుంది, తెల్లకర్ర నేలను తెలియజేస్తుంది, దానిమీద బరువంతా మోపితే వంగిపోవచ్చు, విరిగిపోవచ్చు కూడా. దాన్ని వాడేవారందరికీ చూపు పూర్తిగా పోయి ఉండనక్కరలేదు. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, కళ్లద్దాలతో సరిచేసిన తర్వాత కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 కంటే తక్కువగా ఉంటే, అంటే మామూలు చూపున్నవారు 60 మీటర్ల నుంచి గుర్తించే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వచ్చినా గుర్తించలేకపోతే, దాన్ని అంధత్వంగానే పరిగణిస్తారు. చూపు కదల్చకుండా ఒకేసారి కనబడే పరిధి, అంటే దృష్టిక్షేత్రం, 10 డిగ్రీల కంటే తగ్గినా అంతే. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవారికి, గ్లకోమా ముదిరినవారికి ఎదుటివారి ముఖం కనబడుతూనే కాళ్ల దగ్గరి మెట్టు కనబడకపోవచ్చు. అలాంటివారు పుస్తకం చదవగలిగి కూడా కర్ర లేకుండా నిబ్బరంగా వీధి దాటలేరు. చదువుతున్న మనిషి చేతిలో కర్ర చూసి లోకం అనుమానించడానికి కారణం ఈ తేడా తెలియకపోవడమే.

చేతికర్రతో దారి వెదుక్కోవడం ఏనాటిదో చెప్పలేనంత పాతదే అయినా, ఆ కర్రకు తెల్లరంగూ శాస్త్రీయమైన పద్ధతీ 20వ శతాబ్దంలోనే వచ్చాయి. ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫరు ప్రమాదంలో చూపు కోల్పోయిన తర్వాత, మోటారు బండ్లవారికి కనబడాలని 1921లో తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. 1931లో పారిస్‌లో గిల్లీ డెర్బెమోన్ అనే మహిళ చేపట్టిన ఉద్యమం వల్ల ఫ్రాన్స్‌లో తెల్లకర్రల పంపిణీ మొదలైంది. అంతవరకు తెల్లదనం ప్రధానంగా ఇతరుల కోసం ఉద్దేశించిన సంకేతం. 1944లో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో, రెండవ ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులకు శిక్షణ ఇస్తూ రిచర్డ్ హూవర్ కర్ర పొడవును పెంచి, దాన్ని ఆడించే తీరును ఒక క్రమంలోకి తెచ్చాడు. చూసేవారికి సంకేతంగా ఉన్న తెల్లకర్ర ఆనాటి నుంచి పట్టుకున్నవారికి ప్రమాణం అయింది. ప్రమాణమంటే భారతీయ తర్కశాస్త్ర పరిభాషలో యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనం.

ఆ క్రమాన్ని కాస్త దగ్గరగా పరిశీలించాలి. మడతకర్రను పిడి దగ్గర పట్టుకుని మిగిలిన ముక్కలను వదిలితే, లోపల బిగుతుగా సాగిన ఎలాస్టిక్ తాడు ఒక్కొక్క గొట్టాన్ని దాని పై గొట్టంలోకి లాగి టకటకమని కూర్చుతుంది. చేతిని బొడ్డుకు ఎదురుగా నిలిపి, చూపుడువేలును పిడి వెంబడి చాచి, మణికట్టు కదలికతో కర్ర కొనను భుజాల వెడల్పు కంటే కొద్దిగా ఎక్కువ మేర అటూ ఇటూ ఆడిస్తారు. కుడికాలు ముందుకు పడే వేళకు కొన ఎడమవైపు నేలను తాకుతుంది, ఎడమకాలు పడే వేళకు కుడివైపు తాకుతుంది. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును ఒక అడుగు ముందే కర్ర పరీక్షించి ఉంటుంది. సిమెంటు, మట్టి, కంకర, ఇనుప జల్లెడమూత వేర్వేరుగా మోగుతాయి, వేర్వేరుగా అదురుతాయి. అలవాటైన చేతికి ఆ అదురు అరచేతిలో తెలిసినట్టుండదు, నేల దగ్గరే తెలిసినట్టుంటుంది.

ఈ చివరి సంగతిని పాశ్చాత్య తత్త్వవేత్తలు రెండు వేర్వేరు కాలాల్లో తమ వాదాలకు ఆధారం చేసుకున్నారు. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1637లో వెలువరించిన కాంతిశాస్త్ర గ్రంథంలో, పుట్టు అంధులు కర్రతో వస్తువులను ఎంత నేర్పుగా గుర్తిస్తారంటే వారు చేతులతో చూస్తున్నారని అనవచ్చునన్న భావాన్ని ప్రతిపాదించి, వస్తువు నుంచి కంటికి కాంతి చేరే తీరును ఆ కర్రతో పోల్చి వివరించాడు. 1945లో మరో ఫ్రెంచి తత్త్వవేత్త మెర్లో పాంటీ ఇంకా ముందుకు వెళ్లి, అలవాటుపడినవారికి కర్ర ఒక వస్తువుగా తోచడం మానేస్తుందనీ, స్పర్శ తెలిసే చోటు కర్ర కొనకు జరుగుతుందనీ వాదించాడు. శరీరానికి చర్మమే సరిహద్దు కాదనీ, అలవాటు ఆ సరిహద్దును జరపగలదనీ అతని తాత్పర్యం. ఈ వాదంలోని సత్యాన్ని ఒప్పుకుంటూనే ఒక లోపాన్ని గుర్తించాలి: ఆ గ్రంథాల్లోని అంధుడు ఒక ఉదాహరణ మాత్రమే, అతని కర్ర పొడవు అతనికి సరిపోయిందా, దాన్ని అతనికి ఎవరు ఇచ్చారు, దానితో అతను ఎక్కడికి వెళ్లాలనుకున్నాడు అన్న ప్రశ్నలు అక్కడ ఎదురుకావు.

ఇదే సమస్యను న్యాయదర్శనం అడిగే తీరు మరింత సూక్ష్మంగా ఉంటుంది. ఇంద్రియానికి వస్తువుతో ఏర్పడే సంబంధం, అంటే సన్నికర్షం, వల్ల పుట్టే జ్ఞానాన్ని నైయాయికులు ప్రత్యక్షమంటారు; ఒక గుర్తును బట్టి కనబడని దాన్ని ఊహించి నిశ్చయించడాన్ని అనుమానమంటారు. కర్ర కొన గుంతలోకి జారినప్పుడు కలిగే జ్ఞానం ఈ రెంటిలో ఏది? చర్మానికి పిడితోనే సంయోగం ఉంది, గుంతతో లేదు గనుక, నైయాయికులు చెప్పిన ఆరు రకాల సన్నికర్షాల్లో దేనికీ ఇది నేరుగా ఒదగదు. కాబట్టి అది అనుమానమేనని కచ్చితమైన తార్కికుడు తీర్పు చెప్పవచ్చు. అయితే అనుమానానికి ఒక క్రమం ఉంది: గుర్తును చూడడం, వ్యాప్తిని, అంటే ఆ గుర్తుకూ వస్తువుకూ ఉన్న విడదీయరాని సంబంధాన్ని, స్మరించడం, ఆ తర్వాత నిశ్చయించడం. కొత్తగా కర్ర పట్టినవారి మనసులో ఈ మెట్లన్నీ ఉంటాయి. వారు అదురును గమనించి, ఆలోచించి, అక్కడ గుంత ఉందని తేల్చుకుంటారు. ఏళ్ల అభ్యాసం ఉన్నవారి నడకలో ఆ మెట్లు కనబడవు, గుంత గుంతగానే తెలుస్తుంది. ఆ విధంగా అభ్యాసం అనుమానాన్ని ప్రత్యక్షానికి సాటి చేస్తుందని ఒప్పుకోక తప్పదు. ఒప్పుకుంటే ఒక ఫలితం వెంటనే వస్తుంది: శిక్షణ ఇవ్వకుండా కర్ర ఒక్కటే చేతిలో పెట్టడం ఇంద్రియాన్ని ఇచ్చినట్టు కాదు, గొట్టం ముక్క ఇచ్చినట్టే.

సాంఖ్యదర్శనంలోని ప్రసిద్ధమైన పంగ్వంధ న్యాయాన్ని కూడా ఇక్కడ పునఃపరిశీలించాలి. నడవలేని కుంటివాడు నడవగల గుడ్డివాడి భుజమెక్కి దారి చూపినట్టు, చైతన్యం ఉండి క్రియ లేని పురుషుడూ, క్రియ ఉండి చైతన్యం లేని ప్రకృతీ కలిస్తేనే సృష్టి సాగుతుందని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో నిరూపించాడు. తత్త్వబోధకు అది సమర్థమైన ఉపమానమే గాని, అందులో గుడ్డివాడు తెలివిలేని జడానికి ప్రతినిధి. అతని కాళ్లు అతనివి, దారి మాత్రం భుజంమీదివాడిది. ఉపమానాన్ని ఉపమానంగా వదలక మనుషులకు అన్వయించడం వల్ల, చూపు లేనివారు ఎవరో ఒకరు నడిపిస్తేనే నడుస్తారన్న భావన కుటుంబాల్లో స్థిరపడింది. తెల్లకర్ర ఆ భావనకు ప్రత్యక్షమైన ఖండన, ఎందుకంటే ఇక్కడ నడిచేవారూ దారి తెలుసుకునేవారూ ఒక్కరే. ఋగ్వేదం మొదటి మండలంలో 140 నుంచి 164 వరకు గల సూక్తాలకు ద్రష్టగా సంప్రదాయం కొలిచే దీర్ఘతమసుడు మహాభారతం ప్రకారం పుట్టు అంధుడన్న విషయం తలచుకుంటే, చూపు లేకపోవడాన్ని జడత్వంతో ముడిపెట్టే హక్కు ఈ సంప్రదాయానికే లేదని తేలుతుంది.

కర్ర బయటి వస్తువా కాదా అన్న ప్రశ్నకు ఆచరణలో తీర్పు చెప్పవలసి వచ్చిన ధర్మశాస్త్రం యూదులది. విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు ఇంటి నుంచి బహిరంగ స్థలానికి ఏ బరువునూ మోసుకుపోరాదని వారి నియమం. ధరించిన బట్టలు, చెప్పులు బరువు కిందికి రావు. మరి చేతికర్ర? 16వ శతాబ్దంలో జోసెఫ్ కారో కూర్చిన షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మసంహిత, కర్ర లేకుండా నడవలేని కుంటివారికి దాన్ని అనుమతించింది, ఎందుకంటే అది వారికి చెప్పులతో సమానం. అంధులకు మాత్రం అనుమతించలేదు. వారు కర్ర లేకుండా కూడా అడుగు వేయగలరు గనుక అది వారికి బరువేనని తర్కం. ఈ తీర్పును తొందరపడి నిందించడం తగదు. తెలిసిన వీధుల్లో, మోటారు బండ్లు లేని కాలంలో, పద్ధతిగా ఆడించే పొడవాటి కర్ర ఇంకా లేనప్పుడు ఏర్పడిన వర్గీకరణ అది. పైగా ప్రాణరక్షణ సబ్బాతు నియమాలను మించినదని అదే ధర్మం చెబుతుంది. ఈ తర్కంలో గ్రహించవలసిన సారం మరొకటి ఉంది: ఒక సాధనం శరీరంలో భాగమో బరువో నిర్ణయించేది దాని ఆకారం కాదు, అది లేకపోతే మనిషి ఏం కోల్పోతాడన్నది. ఆ కొలతతోనే ఈనాటి రోడ్డును, ఈనాటి తెల్లకర్రను కొలిస్తే అది బరువు కాదని తేలుతుంది.

తెలుగునాట ఈ ప్రశ్న దేవాలయ ద్వారం దగ్గర ఎదురవుతుంది. నేలను తాకిన వస్తువు గనుక కర్రను పాదరక్షలతో పాటు బయట వదలమనడం శుచి నియమం దృష్ట్యా సహజంగా తోచవచ్చు. అయితే కళ్లజోడు పెట్టుకున్న భక్తుణ్ణి దాన్ని తీసి లోపలికి రమ్మని ఏ అర్చకుడూ అనడు; చూపుకు సాయపడే ఒక సాధనానికి ఉన్న మన్నన మరొకదానికి లేకపోవడానికి ధర్మబద్ధమైన కారణం కనబడదు. నేలను తాకేది కర్ర కొన మాత్రమే. దాన్ని తడిగుడ్డతో తుడవవచ్చు, చాలా రకాల కర్రలకు కొనను ఊడదీసి శుభ్రమైన మరో కొన తగిలించవచ్చు. క్యూలైనులో ముందువారి వెనక నిలబడినప్పుడు మడిచి పట్టుకుని, ప్రాకారంలో ప్రదక్షిణ చేసేటప్పుడు విప్పుకునే వీలు మడతకర్రకు ఉంది. శుచిని కాపాడుతూనే భక్తుడు తనంతట తాను ప్రదక్షిణ చేయగల మార్గం ఉన్నప్పుడు, ఆ మార్గాన్ని మూసివేయడం ఆచారం కాదు, అలసత్వం.

కర్ర ఇంద్రియంలో భాగమని అంగీకరించిన తర్వాత దాని ఎంపికలోని ప్రతి చిన్న విషయానికీ గౌరవం వస్తుంది. హూవర్ పద్ధతిలో కర్ర రొమ్ము ఎముక దిగువ కొన వరకు ఉండాలి. అమెరికాలో 1940లో అంధులే స్థాపించుకున్న నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ గడ్డం దాకానో ముక్కు దాకానో వచ్చే పొడవాటి కర్రను ప్రోత్సహిస్తుంది, ఎందుకంటే వేగంగా నడిచేవారికి అడ్డంకి తెలిసిన తర్వాత ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. అల్యూమినియం కర్ర దెబ్బ తగిలితే వంగుతుంది గాని వెంటనే విరగదు. ఫైబర్‌గ్లాస్ తేలికగా ఉండి కొంత వంగి మళ్లీ నిలుస్తుంది, గట్టిగా నలిగితే చీలుతుంది. కార్బన్ ఫైబర్ చాలా తేలిక, అదురును స్పష్టంగా చేరవేస్తుంది, ధర ఎక్కువ. సన్నని కొన నేల స్వభావాన్ని బాగా పట్టిస్తుంది గాని పలకల సందుల్లో ఇరుక్కుంటుంది. తిరిగే బంతికొన గతుకుల మీద సాఫీగా దొర్లుతుంది గాని మణికట్టుకు బరువు. కీళ్లు ఎన్ని ఎక్కువైతే మడత అంత చిన్నదవుతుంది, కాని ప్రతి కీలు దగ్గర అదురు కొంత తగ్గుతుంది, కీళ్లు వదులైతే కర్ర ఊగుతుంది. లోపలి ఎలాస్టిక్ కొంతకాలానికి సాగి, మార్చవలసి వస్తుంది. ఇరుకైన ఆర్టీసీ బస్సులో రోజూ ప్రయాణించే ఉద్యోగికి మడతకర్ర వరం. పొలంగట్ల మీద నడిచే గ్రామస్థుడికి కీళ్లు లేని కర్రే మేలు కావచ్చు. ఈ రెంటిలో ఏది ఉత్తమమన్న ప్రశ్నకు నడిచే మనిషిని వదిలి జవాబు లేదు.

మడతకర్రకు సంబంధించి మరో నైతిక ప్రశ్న ఉంది. మడిచి దాచగలిగినది గనుక, అది అంధత్వాన్ని దాచుకునే అవకాశం కూడా ఇస్తుంది. మడవలేని కర్రను సమర్థించేవారిలో కొందరు ఈ కారణంగానే దాన్ని అనుమానిస్తారు, సిగ్గుపడవలసినది ఏమీ లేనప్పుడు దాచవలసిన అవసరం ఏమిటని అడుగుతారు. ఆ ప్రశ్నలో ఆత్మగౌరవం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోరాదు. అయినా సిగ్గుతో దాచడం వేరు, పని లేనప్పుడు పక్కన పెట్టడం వేరు. మొదటిది లోకం చూపుకు లొంగడం, రెండవది తన సాధనం మీద తనకున్న అధికారం. పాణిని వ్యాకరణం కర్తను స్వతంత్రుడిగానూ, కరణాన్ని క్రియాసిద్ధికి అన్నిటికంటే ఎక్కువగా తోడ్పడేదిగానూ నిర్వచించింది. కరణం ఎంత శ్రేష్ఠమైనదైనా కర్త స్థానం దానికి రాదు, దాన్ని కొని ఇచ్చినవారికీ రాదు. విప్పడమూ మడవడమూ నడిచేవారి స్వాతంత్ర్యంలోని విషయాలు.

ఈ స్వాతంత్ర్యానికి లోకంలో పెద్ద అడ్డంకి కర్మసిద్ధాంతాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం. చూపు పోవడం పూర్వజన్మ పాపఫలమని, కాబట్టి అనుభవించి తీరాలని చెప్పేవారు ఆ సిద్ధాంతంలో సగాన్నే చెబుతున్నారు. యోగవాసిష్ఠం దైవాన్ని నమ్మి కూర్చోవడాన్ని నిరసించి పురుషప్రయత్నాన్నే ఎత్తిపట్టింది. గతం దేహానికి ఏ స్థితినిచ్చినా వర్తమానంలో చేయవలసిన కర్తవ్యాన్ని అది రద్దు చేయదు, పక్కవారి కర్తవ్యాన్ని అసలే రద్దు చేయదు. క్రైస్తవ సువార్తలలో యోహాను రాసిన దానిలో కూడా, పుట్టు అంధుణ్ణి చూసి ఇది ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ రెండు ఊహలనూ తోసిపుచ్చాడు. ఎవరి పాపమన్న ప్రశ్న జిజ్ఞాసలా కనబడినా, చాలాసార్లు చేయవలసిన పనిని తప్పించుకునే ఉపాయంగా పనిచేస్తుంది.

దానధర్మాల దృష్టితో చూసినా ఇదే నిర్ణయానికి రావలసి ఉంటుంది. భగవద్గీత 17వ అధ్యాయం సాత్త్విక దానానికి దేశం, కాలం, పాత్ర అనే మూడు నియమాలు చెప్పింది. తెల్లకర్ర దానానికి వీటిని అన్వయిస్తే, దేశమంటే ఆ మనిషి నడిచే నేల, కాలమంటే చూపు తగ్గడం మొదలై శిక్షణ పనికివచ్చే సమయం, పాత్ర అంటే ఆ మనిషి ఎత్తు, వేగం, మణికట్టు బలం. అందరికీ ఒకే పొడవు కర్రలు పంచి ఫొటోలు తీయించుకునే శిబిరం ఈ మూడింటిలో దేన్నీ పాటించదు. భారత ప్రభుత్వం 1981 నుంచి ఉపకరణాల పంపిణీకి సహాయ పథకం నడుపుతోంది, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి సంస్థలు పునరావాస సేవలు అందిస్తున్నాయి. దాతలు కర్రతో పాటు కొలతనూ శిక్షణనూ ఇవ్వగలిగినప్పుడే ఆ దానం సాత్త్వికమవుతుంది. 2007లో భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, తాము కోరిన తీరులో, కోరిన వేళకు, భరించగల ఖర్చుతో సంచరించే వీలు కల్పించాలని చెబుతుంది. దయ అడుగుతున్న దానినే ఇక్కడ హక్కు కూడా అడుగుతోంది.

కర్రకు పరిమితులు ఉన్నాయి. అది నడుముకు పైన వేలాడే కొమ్మను, లారీ వెనక పొడుచుకువచ్చిన ఇనుపచువ్వను ముందుగా పట్టలేదు. ఈ కొరత తీర్చడానికే ఐఐటీ ఢిల్లీలో రూపొందించిన స్మార్ట్‌కేన్ అనే పరికరం అతిధ్వని తరంగాలతో పై అడ్డంకులను గుర్తించి పిడిలో అదురు పుట్టిస్తుంది. మూతలేని మురుగుకాలువను కర్ర కనిపెట్టగలదు గాని పూడ్చలేదు. కాలిబాటను ఆక్రమించిన బైకులను గుర్తించగలదు గాని తొలగించలేదు. అమెరికాకు చెందిన అంధ న్యాయశాస్త్రవేత్త జాకబస్ టెన్‌బ్రోక్ 1966లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, చూపు లేనివారు ఒంటరిగా వీధిలోకి రావడం అజాగ్రత్త కాదనీ, లోకంలో అందరితో పాటు జీవించే హక్కులో అది భాగమనీ వాదించాడు. ఆ హక్కు ఒకరిదైనప్పుడు దారిని నడవదగినట్టుగా ఉంచే బాధ్యత మిగిలినవారిది.

కాబట్టి కుటుంబాలు భయంతో కర్రను అటకెక్కించకూడదు. పడిపోతారన్న భయానికి మందు శిక్షణే గాని నిర్బంధం కాదు. దాతలు కొలత తీసుకోకుండా కర్ర ఇవ్వకూడదు, ఎంచుకోనివ్వకుండా అసలే ఇవ్వకూడదు. దేవాలయాలు, మసీదులు, చర్చీలు కర్రను చెప్పుల వరుసలో పెట్టించకూడదు. దారిన పోయేవారు అడగకుండా కర్ర కొన పట్టుకుని లాగకూడదు. సాయం కావాలా అని అడిగి, కావాలంటే తమ మోచేతిని అందించాలి. పురపాలక సంఘాలు కాలిబాటలను నడిచేవారికి తిరిగి ఇవ్వాలి. అక్టోబరు 15న తెల్లకర్ర దినం జరిపి మరునాడు అదే కాలిబాట మీద బండి నిలిపే సమాజం ఆ దినాన్ని పాటించినట్టు కాదు.